నీటి దారిన భీమిలి

భీమిలికి ఇవాళ ఎవరొచ్చినా రోడ్డు మీదే వస్తారు. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు ఎక్కితే పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం. వచ్చినవాళ్లు ఇసుకలో కాసేపు కూర్చుంటారు, వేయించిన చేప తింటారు, లైట్‌హౌస్ ముందు ఫొటో దిగుతారు, "ఎంత ప్రశాంతంగా ఉందండీ మీ ఊరు!" అని మెచ్చుకుని పొద్దుగూకేలోపు తిరుగుముఖం పడతారు. మెచ్చుకుంటే సంతోషమే. అయితే ఈ ప్రశాంతత మా ఊరికి పుట్టుకతో వచ్చింది కాదు. ఓడలతో, ఎడ్లబళ్లతో, కూలీల కేకలతో తరతరాలు హోరెత్తిన రేవు ఇది. ఆ సందడి విడతలు విడతలుగా ఊరు విడిచి వెళ్లిపోయింది. అది మిగిల్చిన ఖాళీకే ఇప్పుడు మనం ప్రశాంతత అని పేరు పెట్టుకున్నాం.

ఇంకో సంగతి. రోడ్డున వచ్చినవాళ్లు భీమిలిని పెరటి గుమ్మంలోంచి చూసి వెళ్తున్నట్టే. ఊరు కట్టినవాళ్లు సముద్రం మీద నుంచి వచ్చేవాళ్లను మనసులో పెట్టుకుని కట్టారు. కొండ, గుడి, లైట్‌హౌస్, చర్చి, గోదాములు, సమాధులు, వీటన్నిటికీ ఒక వరస ఉంది. ఆ వరస నీళ్ల మీద నుంచి చూస్తేనే తెలుస్తుంది. అందుకే మా ఊరి చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే, ముందు పడవ ఎక్కండి అంటాను.

విశాఖ నుంచి ఉత్తరంగా

సంక్రాంతి వెళ్లాక సముద్రం నెమ్మదిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ తర్వాత నైరుతి గాలులు, దసరా దాటితే తుఫాన్ల భయం. కాబట్టి పడవ ప్రయాణానికి మాఘ, ఫాల్గుణాలే మంచి రోజులు. ఇంజను బాగుచేయించుకోడానికో, వలలు కొనుక్కోడానికో విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లిన మా పేట ఫైబర్ బోట్లు ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు, తెలిసినవాళ్లమైతే చోటిస్తారు. గట్టు దాటగానే వెనక్కి తిరిగి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ నిటారుగా కనిపిస్తుంది. కుడివైపు లోతు నీళ్లలో, హార్బర్‌లోకి పిలుపు కోసం కాచుకున్న ఓడలు లంగరు వేసి ఉంటాయి. వాటిని బాగా గుర్తుపెట్టుకోండి. నూరేళ్ల కిందట భీమిలి ఎదురుగా ఓడలు నిలబడింది సరిగ్గా ఇలాగే, ఒడ్డుకి రాకుండా, దూరంగా.

ఎడమవైపు ఒడ్డు కొండలతో కదులుతూ ఉంటుంది. కైలాసగిరి, రుషికొండ దాటాక తొట్లకొండ, దానికి లోపలివైపు బావికొండ. బౌద్ధ భిక్షువులు రెండు వేల ఏళ్ల కిందట నివాసాలు కట్టుకున్న చోట్లు ఇవి. బావికొండను 1980లలో తవ్వారు. తొట్లకొండ సంగతి నౌకాదళం విమానంలోంచి సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది; 1988 నుంచి కొన్నేళ్లపాటు పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. సన్యాసులుండే కొండ మీద రోమ్ నాణెం ఎందుకుందో రోడ్డు మీద నిలబడి ఆలోచిస్తే వింతగా ఉంటుంది. బోటులో కూర్చుంటే వింతేమీ లేదు. ఈ తీరం వెంట సరుకు పడవలు నడిచేవి. కొండ మీది విహారం ఓడ నడిపేవాడికి గుర్తు, వర్తకుడికి పుణ్యం. వర్తకుడిచ్చే దానం విహారానికి ఆధారం.

గుర్తుల సంగతి మా పేట పెద్దాయన ఒకరు బోటులో చేత్తో చూపించి చెప్పారు. "ఆ కొండ మీద ఈ కొండ ఎక్కినట్టు అగుపడాల మాస్టారూ. అప్పుడా గీత మీద ఉన్నట్టు. అటేపు ఇంకో రెండు గుర్తులు కలిస్తే ఇంకో గీత. రెండు గీతలూ కలిసిన సోట వలేసీవోళ్లం." ఒడ్డున ఉన్న గుడి గోపురం వెనక ఒక కొండ కొమ్ము సరిగ్గా నిలిస్తే ఒక గీత; లైట్‌హౌస్ వెనక తాటితోపు నిలిస్తే మరో గీత. నీళ్ల మీద కనిపించని ఆ రెండు గీతలూ కోసుకున్న చోట, అడుగున రాతిగుట్ట ఉంటుంది, దాని చుట్టూ చేప ఉంటుంది. కాగితం లేదు, దిక్సూచి లేదు. తండ్రి చూపిస్తే కొడుకు నేర్చుకున్న పటం అది. ఇప్పుడు జేబులో జీపీఎస్ ఉంది కాబట్టి కుర్రాళ్లకి ఆ పని లేదు. కానీ ఒడ్డు మీద ఏ కొండ ఏ పేరుతో ఉందో, ఎందుకు ముఖ్యమో తెలిసినవాళ్లలో ఆఖరి తరం మాత్రం ఇంకా బోట్లలోనే ఉంది.

మంగమారిపేట రాతి తోరణం దాటాక ఒడ్డు రంగు మారిపోతుంది. ఎర్రమట్టి దిబ్బలు. మంచుయుగాల్లో సముద్రం వెనక్కి తగ్గి, మళ్లీ ముందుకొచ్చిన కాలాల్లో గాలి, వాన కలిసి పోగుచేసిన ఇసుక ఇది. ఇలాంటివి తమిళనాడు తేరి ఇసుకల్లోను, శ్రీలంకలోను తప్ప దక్షిణాసియాలో మరెక్కడా లేవంటారు శాస్త్రజ్ఞులు. 2014లో భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. రోడ్డు మీద నుంచి చూస్తే గుట్టల మధ్య లోయలే కనిపిస్తాయి. నీళ్ల మీద నుంచి చూస్తే నీలానికి, పచ్చదనానికి మధ్య ఎర్రటి గోడ. ఓడల వాళ్లకు ఇది కూడా గుర్తే: ఎర్రగోడ కనిపించిందంటే భీమిలి వచ్చేసినట్టు.

ఆ తర్వాత ఊరు. అన్నిటికంటే ముందు కనిపించేది కొండ. పావురాళ్లకొండ అని కొందరు, నరసింహస్వామి కొండ అని ఇంకొందరు అంటాం. పైన బౌద్ధుల కాలం నాటి శిథిలాలు, రాతిలో తొలిచిన పదహారు నీటి తొట్లు. కొండవాలున నరసింహస్వామి గుడి. భీముడు బకాసురుణ్ణి చంపి ఆ స్వామిని ప్రతిష్ఠించాడని ఊళ్లో కథ. కొండ కింద కొబ్బరిచెట్లు, వాటి మధ్య పెంకుటిళ్లు, తెల్లటి లైట్‌హౌస్, చర్చి. ఉత్తరాన గోస్తని నది సముద్రంలో కలిసే మొగ. నాలుగు వందల ఏళ్లలో ఇక్కడికొచ్చిన ప్రతి నావికుడికీ మొదట కనిపించిన దృశ్యం ఈ కొండా, ఈ మొగా.

డచ్చివాళ్ల జెండా

విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్లు 1680లలో కోఠీ పెట్టారు. అప్పటికే భీమిలిలో డచ్చివాళ్లు ఉన్నారు. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ మొదట మచిలీపట్నంలో, పులికాట్‌లో కాలూని, పదిహేడో శతాబ్దం మధ్యకల్లా ఇక్కడిదాకా వచ్చింది. వాళ్లకు కావలసింది మిరియాలు, జాజికాయ, లవంగం. అవి పండేది ఇండోనేసియా ద్వీపాల్లో. అక్కడివాళ్లకు కావలసింది మన నేతబట్ట. కాబట్టి తెలుగు సాలెవాడు నేసిన బట్ట లేకుండా డచ్చివాడికి మిరియాలు దొరకవు. భీమిలి చుట్టుపక్కల ఊళ్ల మగ్గాల మీది బట్ట, పొలాల్లోని ధాన్యం ఈ మొగ దగ్గరకి చేరి ఓడలెక్కేవి. ఆ కంపెనీ ఓడల్లో బట్ట, బియ్యమే కాదు, మనుషులూ వెళ్లారు. కరువు సంవత్సరాల్లో కోరమండల్ తీరం నుంచి బానిసలను కొని బటేవియాకు, సింహళానికి తరలించిన చరిత్ర డచ్చివాళ్ల లెక్కల పుస్తకాల్లోనే ఉంది. డచ్ కాలాన్ని పూలతోటల కథగా చెప్పుకునే అలవాటు మా ఊళ్లో ఉంది కాబట్టి ఈ మాట కూడా చెప్పక తప్పదు.

1754లో మరాఠాలు ఈ ప్రాంతం మీద పడి భీమిలిని దోచారు. ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచివాళ్లు, విజయనగరం రాజులు, శ్రీకాకుళం ఫౌజుదారు తన్నుకుంటున్న రోజులవి. ఆ తగాదాలో డచ్చివాళ్ల గోదాములు కూడా పోయాయి. ఆ తర్వాత ఐరోపాలో ఇంగ్లండుకీ హాలెండుకీ యుద్ధం వచ్చినప్పుడల్లా ఇక్కడ జెండా మారేది. 1781లో ఒకసారి, 1795లో ఇంకోసారి ఇంగ్లీషువాళ్లు భీమిలిని పట్టుకున్నారు. సంధి కుదిరాక తిరిగిచ్చేశారు. చివరికి 1824 మార్చిలో లండన్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. డచ్చివాళ్లు ఇండియాలో ఉన్న తమ స్థావరాలన్నిటితో పాటు మలక్కానూ ఇంగ్లీషువాళ్లకి వదిలారు. సుమత్రా దీవిలోని బెంకూలెన్‌ను ఇంగ్లీషువాళ్లు డచ్చివాళ్లకిచ్చారు. 1825లో భీమిలి చేతులు మారింది. ఊరి మనుషులను ఎవరూ ఏమీ అడగలేదు. ఎక్కడో సుమత్రాతో కలిపి లెక్క తేల్చేశారు.

ఆ కాలం నుంచి ఇప్పటికీ నిలిచి ఉన్నవి సమాధులు. 'హాలెండర్స్ గ్రీన్' అని పేరున్న శ్మశానంలో, సూదిమొనలా పైకి లేచిన ఎత్తైన కట్టడాలు, కింద పెద్ద పెద్ద నల్లరాతి పలకలు ఉంటాయి. దగ్గరికెళ్లి వంగి చూస్తే డచ్చి భాషలో చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి, అక్కడక్కడా కుటుంబ ముద్రలు. ఉప్పుగాలికి అక్షరాల అంచులు కరిగిపోయాయి. కొన్నిచోట్ల వేలితో తడిమితే తెలిసే అక్షరం కంటికి కనిపించదు. చనిపోయినవాళ్లలో వయసు మళ్లినవాళ్లు తక్కువ. జ్వరం వచ్చి ఇరవైల్లో, ముప్పైల్లో పోయిన గుమస్తాలు, కెప్టెన్లు, వాళ్ల భార్యలు, పసిపిల్లలు. మిరియాల వ్యాపారం ఖర్చు ఎవరెవరు ఎంత భరించారో ఈ రాళ్లు కొంత చెబుతాయి. సముద్రంలో పోయిన మన సరంగులకు, లస్కరులకు మాత్రం ఒక్క రాయీ లేదు.

ఒడ్డుకీ ఓడకీ మధ్య

భీమిలిది ఓడ లోపలికొచ్చి ఆగే రేవు కాదు. మొగ దగ్గర ఇసుక మేట. నీళ్లు లోతు తక్కువ. పెద్ద ఓడ ఒడ్డుకి దూరంగా లంగరు వేసేది. అక్కణ్ణుంచి ఒడ్డుదాకా, ఒడ్డు నుంచి అక్కడిదాకా సరుకునీ మనిషినీ చేరవేసే భారం పడవది, పడవవాళ్లది. ఇంగ్లీషువాళ్లు మసూలా పడవ అని రాసుకున్నది దీన్నే.

ఆ పడవ కట్టడం ఒక విద్య. దానికి ఒక్క మేకూ ఉండదు. పలకల అంచుల వెంట దగ్గర దగ్గరగా చిల్లులు వేసి, రెండు పలకలు కలిసే చోట గడ్డి పరిచి, కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. లోపల అడ్డుదిమ్మలు పెట్టి బిగించరు. ఎందుకంటే మా తీరాన కెరటం ఒడ్డుకొచ్చి విరిగేటప్పుడు పడవని పైకెత్తి ఇసుక మీద కొడుతుంది. మేకులు కొట్టిన బిగువైన పడవైతే ఆ దెబ్బకి పలకలు చీలిపోతాయి. కుట్టిన పడవ ఆ దెబ్బకి ఒళ్లు వంచుతుంది, కొంచెం నలుగుతుంది, మళ్లీ సరిగ్గా నిలుస్తుంది. నీళ్లు కారతాయి నిజమే. లోపల ఒకడు తోడిపోస్తూనే ఉండాలి. తెడ్లు వేసేవాళ్లు అటో వరస, ఇటో వరస; వెనక తండేలు నిలబడి చుక్కాని తెడ్డు పట్టుకుని కెరటాలు లెక్కపెట్టేవాడు. పెద్ద కెరటాలు వరసగా వచ్చి వెళ్లాక ఒక చిన్న విరామం దొరుకుతుంది. ఆ విరామంలో అందరూ ఒక్క కేక వేసి తెడ్డు వేయాలి. లండన్ కంపెనీ గవర్నరైనా, కలెక్టరైనా, ఆ కేక కోసం నోరుమూసుకుని కాచుకోవలసిందే.

మా వాడబలిజ మత్స్యకారుల పేటల పాత గౌరవం ఇక్కడిది. గోదాముల యజమానులు మారారు, జెండాలు మారాయి. ఒడ్డుకీ ఓడకీ మధ్యనున్న ఆ కెరటాల మీద అధికారం మాత్రం వీళ్ల చేతిలోనే ఉండేది. ఇప్పుడు కుట్టు పడవలు కనిపించవు. ఫైబర్ బోటుకి బయటి ఇంజను. అయినా మొగలోకి వచ్చేటప్పుడు ఇంజను మందగించి, వెనక్కి చూసి, కెరటం లెక్కపెట్టే అలవాటు మాత్రం పోలేదు. బోటులో కూర్చుంటే ఆ ఒక్క నిమిషం అందరూ మాట్లాడడం ఆపేస్తారు.

గోగునార పేరున

ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాక భీమిలి ఇంకా పెరిగింది. కారణం విజయనగరం. కోట ఉన్న ఆ పట్నానికి దగ్గరి రేవు మాదే. రెండిటికీ మధ్య దారి సమతలం, ఎడ్లబండి ఒక్క రాత్రిలో నడిచిపోతుంది. విజయనగరం సంస్థానపు పంట, దాని వెనక జయపురం కొండల సరుకు అంతా ఈ దారినే దిగేది. నువ్వులు, వలిసెలు, కరక్కాయలు, పసుపు, బెల్లం, తోళ్లు, వీటన్నిటితో పాటు గోగునార. మనం ఆకు కోసి పచ్చడి చేసుకునే గోంగూరే అది. ఏపుగా పెరగనిచ్చి, కాడలు కోసి, నీళ్లలో నానబెట్టి ఒలిస్తే నార వస్తుంది. గోతాలకీ తాళ్లకీ బెంగాల్ జనపనారకు పోటీగా ఈ నార ఐరోపా మార్కెట్లకు వెళ్లింది. అక్కడి వ్యాపారులు దానికి ఓడ ఎక్కిన రేవు పేరే పెట్టారు: 'బిమ్లీపటం జూట్'. ఇప్పటికీ వృక్షశాస్త్ర పుస్తకాల్లో గోగు మొక్క పేర్ల జాబితాలో ఆ పేరుంటుంది. ఊరి రేవు పోయినా పుస్తకంలో పేరు పోలేదు.

ఆ డబ్బే ఊరికి వీధులిచ్చింది. 1861లో భీమిలి మున్సిపాలిటీ అయింది. దేశంలోనే అత్యంత పాతవాటిలో ఒకటి; రెండోదని మేం గర్వంగా చెప్పుకుంటాం. 2011లో నూట యాభై ఏళ్ల ఉత్సవాలు కూడా చేసుకున్నాం. సెయింట్ పీటర్స్ చర్చి, గడియార స్తంభం, ఇంగ్లీషు వర్తకుల బంగళాలు, ఏజెన్సీ కంపెనీల గోదాములు, అన్నీ రేవు సంపాదనతో లేచి నిలబడ్డవే. గోస్తని ఒడ్డున కొంచెం ఎగువన చిట్టివలసలో జూట్ మిల్లు వచ్చింది. ఆ మిల్లు సైరన్‌ను బట్టే చుట్టుపక్కల ఊళ్లలో పొద్దు లెక్క చూసుకునేవారు. 2009లో మిల్లు లాకౌట్ అయి వేలమంది వీధిన పడ్డారు. నార మీద బతికిన ఈ ప్రాంతపు చరిత్రకి అక్కడితో తెరపడింది.

రంగం వెళ్లే స్టీమర్లు

సరుకుతో పాటు జనం కూడా ఇక్కణ్ణుంచే వెళ్లారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు కలకత్తా, మద్రాసుల మధ్య తీరం వెంట తిరుగుతూ కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, కాకినాడల్లో ఆగేవి. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్‌కి వలస ఈ రేవుల మీదుగానే సాగింది. రంగూన్‌ని ఇక్కడ అందరూ 'రంగం' అనేవారు. అక్కడ చేసే పనులు వరికోతలు, ధాన్యం మిల్లులు, ఓడ సరుకు దించే పని, రిక్షా లాగడం. డెక్ టిక్కెట్టు కొనుక్కుని, పైన ఎండకీ వానకీ గోనె కప్పుకుని వెళ్లేవారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకు పైనే. బర్మీయులు వాళ్లను కోరంగీలు అనేవారు, గోదావరి మొగలోని కోరంగి రేవు పేరున. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె దగ్గర మొదలైన గొడవ పెద్ద అల్లరై ఎంతోమంది ప్రాణాలు తీసింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక ఆ వలస తిరగబడింది. ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు అరకాన్, మణిపురం కొండల మీదుగా నడిచి వచ్చారు. నడిచినవాళ్లలో ఇంటికి చేరనివాళ్లు వేలు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో పాత ఇళ్లలో బర్మా టేకు పెట్టె, లక్క పూసిన డబ్బా ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో కొన్ని భీమిలి కెరటాల మీద కుట్టు పడవలో ఒడ్డుకి దిగినవే.

రైలు ఎటు వెళ్లింది, ఓడ ఎటు వెళ్లింది

మరి ఇంత సందడి ఏమైంది? దీనికి జవాబు రెండు సంవత్సరాల్లో ఉంది.

మొదటిది 1893. ఈస్ట్ కోస్ట్ రైల్వే వాల్తేరు నుంచి విజయనగరానికి పట్టాలు వేసింది. ఆ పట్టాలు తీరం వెంట రాలేదు, లోపలి నుంచి పోయాయి. విజయనగరం బళ్లు భీమిలికి దిగాల్సిన అవసరం ఏటికేడు తగ్గుతూ వచ్చింది. రాత్రంతా నడిచే ఎడ్లబండి బదులు, పొద్దున్నే రైలుపెట్టెలో వేస్తే సాయంత్రానికి ఎక్కడికైనా చేరుతుంది. అయినా ఓడ ఎక్కాల్సిన సరుకు ఉన్నంతకాలం మా రేవు బతికింది.

రెండోది 1933. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న ఉప్పుటేరునీ బురదనేలనీ తవ్వి విశాఖ హార్బర్ కట్టారు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రపు దారి కావాలన్నది అసలు ఉద్దేశం. అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ప్రయాణికుల ఓడ అందులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. కెరటాల తాకిడి తప్పించడానికి రెండు పాత ఓడల్ని, జేనస్, వెల్లెడ్సన్ అనేవాటిని, మొగలో ముంచేసి అడ్డుగోడగా వాడుకున్నారు. ఇక ఓడ నేరుగా ఒడ్డుకొచ్చి గోడకి ఆనుకుని నిలుస్తుంటే, పడవలో ఎక్కించి కెరటాలు దాటించే రేవుకి సరుకు ఎవరు తెస్తారు? పక్కనే, పాతిక కిలోమీటర్లలో. తర్వాత షిప్‌యార్డు, నౌకాదళం, 1976లో ఔటర్ హార్బర్, దాని వెనక ఉక్కు ఫ్యాక్టరీ. విశాఖ మహానగరమైంది. అదే తీరం మీద, అదే సముద్రంతో, తరతరాలు ఓడలు చూసిన భీమిలి ఊరుగా మిగిలిపోయింది.

దీనికి నేను విశాఖని నిందించను. సహజమైన ఉప్పుటేరు విశాఖకి ఉంది, మాకు ఇసుక మేట ఉంది. తేడా అంతే. కానీ "భీమిలి ఎప్పుడూ ఇలాగే ప్రశాంతమైన పల్లె" అని రిసార్టుల ప్రకటనల్లో రాస్తే మాత్రం ఒప్పుకోను. ఇది పని పోయిన రేవు.

మొగలోకి

బోటు మొగలోకి తిరగాలంటే పోటు సమయం చూసుకోవాలి. పాటు వేళ ఇసుక బయటపడి దారి ఇరుకైపోతుంది. పోటు మీద లోపలికొస్తే సముద్రపు హోరు వెనకబడుతుంది, నీళ్లు ఒక్కసారిగా నునుపెక్కుతాయి. ఒకవైపు ఊరు, ఇంకోవైపు కొబ్బరితోటలు, సరుగుడు తోపులు. కొంగలు, నీటికాకులు లోతులేని చోట నిలబడి ఉంటాయి. బోరా గుహల దగ్గర, అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని పద్మనాభం మీదుగా ఇక్కడికొస్తుంది. 1794 జూలై 10న విజయనగరం చిన విజయరామరాజు ఇంగ్లీషు సైన్యంతో పోరాడి ప్రాణాలు విడిచిన పద్మనాభం అదే. ఎగువన తాటిపూడి దగ్గర ఆనకట్ట కట్టి ఆ నీళ్లని విశాఖకి తాగడానికి పంపుతున్నారు. కాబట్టి మొగ దగ్గరకి వచ్చే నీళ్లు ఒకప్పటంత కాదు. నది బలంగా తోసినప్పుడే ఇసుక మేట కదులుతుంది. నది బలహీనపడితే మేట పెరుగుతుంది, బోట్ల దారి మూసుకుంటుంది. మొగ పూడిపోతోందని పేటల్లో అందరూ అంటారు. అది పాత జ్ఞాపకాల మీది బెంగ కాదు, రోజువారీ కూడు సంగతి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్ని చితగ్గొట్టింది. ఊళ్లో పాత చెట్లు ఎన్నో కూలాయి. చెట్లు మళ్లీ నాటొచ్చు. పాత గోదాము కూలితే మళ్లీ రాదు. పడిపోయిన గోడల స్థలాల్లో కొత్త మేడలు లేచాయి. డచ్చి శ్మశానాల చుట్టూ ఇళ్లు దగ్గరకొచ్చేశాయి. భీమిలి ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో ఒక భాగం. ఉత్తరాన భోగాపురంలో విమానాశ్రయం వస్తోంది. ఒకప్పుడు రైలు, హార్బరు మాకు దూరంగా వెళ్లిపోయి ఊరిని ఖాళీ చేశాయి. ఇప్పుడు రోడ్డున, విమానాన నగరమే మా మీదకి వస్తోంది. భూమి ధర చూసి కొందరికి సంతోషం. ఒడ్డున వల ఆరబెట్టుకునే చోటు మిగులుతుందా అని కొందరికి దిగులు. రెండు మాటలూ ఒకే ఇంట్లో విన్నాను.

చేయగలిగినవి చాలానే ఉన్నాయి, పెద్ద ఖర్చు లేనివి. సమాధుల మీది రాతలు ఉప్పుగాలికి పూర్తిగా కరగకముందే అచ్చు తీయించి, తెలుగులో అర్థం రాసి అక్కడే పెట్టాలి. మిగిలిన గోదాముల్లో ఒకదాన్నైనా రేవు చరిత్రకి కేటాయించి, కుట్టు పడవ ఎలా కట్టేవారో చేసి చూపించే నమూనా ఒకటి ఉంచాలి. దాన్ని చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే ఈ పని జరగాలి. కొండ గుర్తులతో సముద్రం మీద చోటు కనిపెట్టే లెక్కను వాళ్ల నోటే రికార్డు చేయాలి. మొగ పూడిక తీయడం పర్యాటక పథకంలో కాదు, మత్స్యకారుల పథకంలో మొదటి పద్దు కావాలి. గాలి నెమ్మదించే నెలల్లో విశాఖ నుంచి భీమిలికి, లైఫ్ జాకెట్లతో, అనుమతులతో, పేటల బోట్లకే ఆదాయం వచ్చేలా ఒక పడవ సర్వీసు నడిపితే, చూడడానికి వచ్చేవాళ్లకు ఎర్రమట్టి దిబ్బలు, మూడు బౌద్ధ క్షేత్రాల కొండలు, రేవు, అన్నీ ఒక్క ప్రయాణంలో అసలు వరసలో కనిపిస్తాయి.

అంతవరకు మీరు రోడ్డునే రండి, తప్పులేదు. కానీ బండి బీచిలో ఆపగానే ఫొటోకి పరుగెత్తకండి. ముందు మొగ దాకా నడిచి, నీళ్లకి వీపు పెట్టి ఊరిని చూడండి. తర్వాత శ్మశానానికి, ఆ తర్వాత కొండ మీదికి వెళ్లండి. వెళ్లేముందు ఒడ్డున వల బాగుచేసుకునే పెద్దాయన ఎవరైనా కనిపిస్తే, రేవు సంగతులు రెండు అడగండి. మా ఊళ్లో అడిగినవాళ్లకి చెప్పనివాళ్లు లేరు, అడిగేవాళ్లే తక్కువ.